ఒకటే భాష, ఎన్నెన్నో జనాలు: స్పానిష్ లోకంలో వింతలు, విశేషాలు

పుట్టుకతో స్పానిష్ మాట్లాడేవాళ్లు ప్రపంచంలో దాదాపు 50 కోట్లు. మాతృభాషల లెక్కలో చైనా వాళ్ల మాండరిన్ తర్వాతి స్థానం దీనిదే. 20 దేశాల్లో ఇది అధికార భాష. అమెరికా పాలన కింద ఉన్న ప్యూర్టోరికో దీవిని కూడా కలుపుకోవాలి. ఇంతమందిలో ఎక్కువమంది ఎక్కడున్నారని అడిగితే స్పెయిన్ అనేస్తారు చాలామంది. స్పెయిన్ జనాభా 5 కోట్లకు దగ్గర. మెక్సికో ఒక్కటే 13 కోట్లు. కొలంబియా కూడా స్పెయిన్‌ను దాటిపోయింది. భాష పుట్టిన గడ్డ మీద ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్లు పదిమందిలో ఒకరికి మించి లేరు.

ఒకప్పుడు ఢిల్లీలో, బొంబాయిలో దక్షిణాది వాళ్లందరినీ ‘మదరాసీ’ అనేవారు. తెలుగువాడు, తమిళుడు, మలయాళీ, కన్నడిగుడు అందరూ ఆ ఒక్క మాటలో కలిసిపోయేవాళ్లు. అది మనవాళ్లను ఎంత నొప్పించిందో పాత తరానికి బాగా గుర్తు. అమెరికాలో ‘హిస్పానిక్’, ‘లాటినో’ అన్న మాటలు ఇవాళ అదే పని చేస్తున్నాయి. ఆండీస్ కొండల మీద ఐమారా మాట్లాడే రైతూ, పటగోనియాలో వేల్స్ భాషలో పాడుకునే అమ్మాయీ, ఆఫ్రికా తీరంలో ఫాంగ్ తెగ ఉపాధ్యాయుడూ ఒక్క పేరు కింద ఎలా ఇముడుతారు? వాళ్లెవరో ఒక్కొక్కరిగా తెలుసుకోవాలి. అందుకే ఈ విశేషాలు.

ఒకే తేదీ, ఊరికో పేరు

1492 అక్టోబరు 12న కొలంబస్ ఓడలు బహామాస్‌లో ఒక దీవికి చేరాయి. ఆ తేదీ స్పెయిన్‌కు జాతీయ దినోత్సవం. రాజుగారి సమక్షంలో సైనిక కవాతు జరుగుతుంది. అదే రోజును వెనెజువెలా 2002లో ‘ఆదివాసీ ప్రతిఘటన దినం’గా మార్చింది. అర్జెంటీనాలో 2010 నుంచి అది ‘సాంస్కృతిక వైవిధ్య గౌరవ దినం’. బొలీవియాలో వలస పాలన వదిలించుకునే దినం. ఇక ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీకి అది స్వాతంత్ర్య దినం. 1968లో సరిగ్గా అక్టోబరు 12నే ఆ దేశం స్పెయిన్ చేతిలోంచి బయటపడింది. స్పెయిన్ పండగ చేసుకునే రోజునే స్పెయిన్ నుంచి విడుదలైనందుకు ఇంకో స్పానిష్ దేశం పండగ చేసుకుంటుంది. వీళ్లంతా ఒకటే అనేవాళ్లకు ఈ ఒక్క తేదీ చూపిస్తే చాలు.

37 అధికార భాషల దేశం

మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. బొలీవియా 2009 రాజ్యాంగం అధికార భాషలుగా ప్రకటించినవి 37. ఒకటి స్పానిష్, మిగతా 36 ఆదివాసీ భాషలు. దేశం మొత్తానికి ఇన్ని భాషలకు అధికార హోదా ఇచ్చిన దేశం మరొకటి లేదు. జనాభా చూస్తే కోటి పైచిలుకే. ఆ 36లో కెచువా, ఐమారా లాంటి పెద్ద భాషలున్నాయి, కొద్దిమంది ముసలివాళ్ల నోట మాత్రమే మిగిలినవీ ఉన్నాయి. పుకీనా అనే భాష మాట్లాడే మనిషి ఏనాడో లేకుండా పోయాడు. అయినా దాని పేరు రాజ్యాంగంలో రాసిపెట్టారు. చచ్చిపోయిన భాషకు హోదా ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆ భాషను చంపిన పాలన తప్పును కాగితం మీద ఒప్పుకున్నట్టే కదా అది. నాకు ఆ పని గొప్పగా తోచింది. ప్రభుత్వ కార్యాలయాలు కనీసం రెండు అధికార భాషల్లో పనిచేయాలని కూడా ఆ రాజ్యాంగమే చెప్పింది. మామూలు జెండాతోపాటు 49 రంగు గళ్ల విఫాలా జెండాకు సమాన గౌరవం ఇచ్చింది.

ప్రభుత్వం నడిచే లాపాజ్ నగరం సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. దాని తలమీద, ఇంకో అయిదొందల మీటర్ల పైన, ఎల్ ఆల్తో అనే ఐమారాల నగరం. రెండింటినీ కలుపుతూ 2014లో మొదలైన కేబుల్ కార్లు ఇప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద నగర కేబుల్ వ్యవస్థ. స్టేషన్లకు స్పానిష్ పేర్లతోపాటు ఐమారా పేర్లూ ఉంటాయి. గుండ్రటి టోపీ, కుచ్చుల పరికిణీ, రెండు జడలతో కనిపించే ఐమారా ఆడవాళ్లను ఒకప్పుడు మంచి హోటళ్లలోకి రానిచ్చేవారు కాదు. వాళ్లే ఇప్పుడు పార్లమెంటులో కూర్చుంటున్నారు, టీవీలో వార్తలు చదువుతున్నారు.

ఏటా జనవరి 24న లాపాజ్‌లో ‘అలసీతాస్’ సంత మొదలవుతుంది. అక్కడ అమ్మేవన్నీ బొమ్మంత సైజువి. అరచేతిలో పట్టే ఇల్లు, కారు, బియ్యం బస్తా, నోట్ల కట్ట, డిగ్రీ పట్టా. ఆ ఏడాది ఏం కావాలనుకుంటే దాని బొమ్మ కొంటారు. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి ఐమారా పూజారి సాంబ్రాణి లాంటి పొగ వేసి దీవిస్తాడు. ఆ తర్వాత దాన్నే పట్టుకెళ్లి చర్చి ఫాదర్ చేత కూడా పవిత్ర జలం చల్లించుకుంటారు. యునెస్కో 2017లో దీన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

అదే దేశంలో యుంగాస్ లోయల్లో నల్లజాతి వాళ్లున్నారు. పొతోసీ వెండి గనుల కోసం స్పెయిన్ తెచ్చిన ఆఫ్రికా బానిసల సంతతి. వీళ్ల ఆడవాళ్లు ఐమారా పరికిణీలే కడతారు, పాటలకు మాత్రం ఆఫ్రికా డప్పు వాయిస్తారు. వీళ్లకు ఒక రాజవంశం ఉంది. ఆఫ్రో బొలీవియన్ల రాజు హోదాను 2007లో లాపాజ్ ప్రాంతీయ ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. రాజుగారికి కోటలేవీ లేవు. కోకా ఆకు సాగు చేసుకునే పల్లెలో అందరిలో ఒకడిగా బతుకుతారు.

ఓడిన వాళ్ల భాషే గెలిచిన చోటు

అమెరికా ఖండాలన్నింటిలో ఆదివాసులు కాని జనం అత్యధికంగా మాట్లాడే ఆదివాసీ భాష గ్వారానీ. పరాగ్వేలో ఆదివాసుల సంఖ్య నూటికి రెండు ప్రాంతంలోనే. గ్వారానీ మాత్రం దేశంలో ఎక్కువ మందికి వచ్చు. 1992 రాజ్యాంగం దాన్ని స్పానిష్ పక్కన అధికార భాషగా కూర్చోబెట్టింది. డబ్బు పేరు కూడా గ్వారానీయే. బొలీవియాతో 1932 నుంచి 1935 దాకా జరిగిన చాకో యుద్ధంలో సైన్యం సందేశాలు గ్వారానీలో నడిచాయి. బడిలో స్పానిష్, సంతలో గ్వారానీ, ఇంట్లో రెండూ కలిపి. ఎండాకాలం మాతే ఆకులో దంచిన మూలికలు కలిపి చల్లటి నీళ్లు పోసి తాగే తెరెరె వీళ్ల ప్రాణం. పక్కనున్న అర్జెంటీనా, ఉరుగ్వేలలో అదే ఆకును వేణ్ణీళ్లతో తాగుతారు. ఇంకో వింత: ముందొక బొమ్మ, వెనకొక బొమ్మ ఉన్న జాతీయ జెండా ప్రపంచంలో పరాగ్వేది ఒక్కటే.

మెక్సికో అంటే ఎన్ని మెక్సికోలు

మెక్సికో ప్రభుత్వ భాషా సంస్థ 2008లో లెక్క తేల్చింది. 68 ఆదివాసీ భాషలు, వాటిలో 364 రకాలు. 2020 జనగణనలో 73 లక్షల మందికి పైగా ఏదో ఒక ఆదివాసీ భాష మాట్లాడుతున్నారు. అజ్టెక్ చక్రవర్తుల భాష నహువాట్ల్ ఒక్కటే 16 లక్షల మందిది.

దక్షిణాన ఒవహాకా రాష్ట్రం చూడాలి. అందులో 570 స్థానిక పాలనా ప్రాంతాలు, 16 ఆదివాసీ జాతులు. నాలుగు వందలకు పైగా ఊళ్లలో రాజకీయ పార్టీలకు చోటు లేదు. ఊరంతా ఒకచోట చేరి తమ ఆచారం ప్రకారం పెద్దలను ఎన్నుకుంటారు. చట్టమే దానికి ఒప్పుకుంది. రోడ్డు వేయాలన్నా, బడి కట్టాలన్నా ఇంటికొకరు కూలీ లేకుండా వచ్చి పనిచేయాలి. పై చదువులకో, కాలిఫోర్నియా తోటల్లో పనికో వెళ్లినవాళ్లు కూడా ఊరి బాధ్యత వంతు వచ్చిందంటే తిరిగి వచ్చి చేయాలి, లేదా డబ్బు పంపి ఇంకొకరి చేత చేయించాలి. ఆ రాష్ట్రంలో పుట్టిన జపోటెక్ జాతి కుర్రాడు బెనితో హ్వారెస్‌కు చిన్నప్పుడు స్పానిష్ రాదు. అతనే 1858లో మెక్సికో అధ్యక్షుడయ్యాడు.

ఉత్తరాన చివావా రాష్ట్రంలో దృశ్యమే వేరు. 1922లో కెనడా నుంచి వచ్చిన మెనొనైట్ క్రైస్తవులు అక్కడ ఎడారి లాంటి నేలను పంట పొలాలు చేశారు. ఇంట్లో మాట్లాడేది ప్లౌట్‌డీచ్ అనే పాత జర్మన్ యాస. వాళ్లు చేసే జున్ను దేశమంతా ప్రసిద్ధి. మెక్సికో దర్శకుడు కార్లోస్ రేగాదాస్ 2007లో వాళ్ల మీద తీసిన సినిమాలో మాటలు దాదాపు అన్నీ ఆ యాసలోనే ఉంటాయి. అది కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి గెలిచింది.

పసిఫిక్ తీరంలో నల్లజాతి మెక్సికన్ల ఊళ్లున్నాయి. దేశం వాళ్లను చూడనట్టే నటించింది చాలాకాలం. 1829లో బానిసత్వాన్ని రద్దు చేసిన అధ్యక్షుడు విసెంతే గెర్రేరో ఆఫ్రికా రక్తం ఉన్నవాడే. ఒక రాష్ట్రానికి ఆయన పేరే పెట్టారు. ఆ జనానికి రాజ్యాంగంలో గుర్తింపు మాత్రం 2019లో వచ్చింది. 2020లో జనగణన తొలిసారి దేశమంతటా అడిగితే సుమారు 25 లక్షల మంది ‘మేమున్నాం’ అన్నారు. 190 ఏళ్లు ఆలస్యంగా దొరికిన లెక్క అది.

నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికో వాళ్లు చనిపోయిన ఆప్తులను ఇంటికి పిలుచుకుంటారు. సమాధి దగ్గర నుంచి గడప దాకా పసుపు పూరేకులు చల్లి దారి వేస్తారు. ఆ పూలు మన బంతిపూలే. బంతి పుట్టిల్లు మెక్సికో. అమెరికా ఖండాలను ఐరోపా వాళ్లు చేరుకున్నాకే అది సముద్రాలు దాటి మన నేలకొచ్చింది. ఇవాళ బంతి లేని బతుకమ్మను తెలంగాణలో ఊహించలేం. అయితే మృతుల పండగ స్పానిష్ లోకమంతా ఇలాగే చేస్తుందనుకోకూడదు. గ్వాటెమాలాలో అదే నవంబరు 1న సుంపాంగో ఊరి స్మశానం దగ్గర ఇంటికంటే ఎత్తైన గుండ్రటి గాలిపటాలు నిలబెడతారు. పల్చటి రంగు కాగితాలు అతికించి నెలల తరబడి చేస్తారు వాటిని. ఆ ఊరివాళ్లు మాయా జాతి జనం. గ్వాటెమాలాలో మాయా భాషలే 22.

ఈలతో మాట్లాడే దీవి

స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో లా గొమేరా ఒకటి. జనాభా సుమారు 22 వేలు. దీవంతా నిట్టనిలువు లోయలు. ఎదుటి గట్టు మీద మనిషి కనిపిస్తాడు, దగ్గరికి వెళ్లాలంటే గంటలు నడవాలి. అందుకని వాళ్లు ఈల వేసి మాట్లాడతారు. నోట్లో వేలు పెట్టి వేసే ఆ ఈల మూడు నాలుగు కిలోమీటర్లు వినిపిస్తుంది. సంకేతాలు మాత్రమే అనుకుంటే పొరపాటు. స్పానిష్ అచ్చులు అయిదింటికి రెండు ఈలలు, హల్లులకు నాలుగు ఈలలు. వాటితో ఏ మాటైనా చెప్పొచ్చు. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ దీవిలో ఉన్న జనం తమ భాషను ఇలాగే ఈల వేసేవాళ్లు. ఆ భాష పోయింది. ఈల మిగిలి కొత్త భాషను ఎక్కించుకుంది. టెలిఫోను వచ్చాక ఇదీ పోతుందని భయపడి 1999లో బడుల్లో తప్పనిసరి పాఠం చేశారు. ఇంత పెద్ద జనసమూహం పూర్తిస్థాయిలో వాడే ఈల భాష ప్రపంచంలో ఇదొక్కటేనని యునెస్కో 2009లో రాసింది. పిల్లలు తరగతి గదిలో ఈలతో పాఠం అప్పజెప్పే దేశం ఇంకెక్కడుంది!

అసలు స్పెయిన్ లోపలే ఒకటి కాదు. బాస్క్ భాషకు ప్రపంచంలో ఏ భాషతోనూ చుట్టరికం లేదు. కటలాన్, గలీషియన్ వాటి వాటి ప్రాంతాల్లో స్పానిష్‌తో సమానం. ఆ దేశ జాతీయ గీతానికి అధికారికంగా పదాలే లేవు, బాణీ మాత్రమే ఉంది. కటలోనియాలో మనుషుల మీద మనుషులు ఎక్కి కట్టే గోపురాలు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. అట్టడుగున వందలమంది ఒకరినొకరు పట్టుకుని నిలబడతారు. చిట్టచివర ఒక పసిపిల్ల గబగబా ఎక్కి చెయ్యెత్తితేనే గోపురం పూర్తయినట్టు. మూడేసి మందితో పది అంతస్తుల గోపురాన్ని కట్టి, పడిపోకుండా దించిన తొలి జట్టు తెరాస్సా ఊరిది. అది 1998 నవంబరులో.

పారిపోయిన బానిసల ఊరు

కొలంబియాలో కార్తహేనా రేవు బానిసల సంతకు పేరు మోసింది. ఆ సంకెళ్లు తెంచుకుని బెంకోస్ బియోహో నాయకత్వంలో అడవిలోకి పారిపోయినవాళ్లు చుట్టూ కంచెలు కట్టుకుని ఊళ్లు వేశారు. స్పెయిన్ వాళ్లు అతన్ని 1621లో ఉరితీశారు. ఊళ్లు మాత్రం లొంగలేదు. వాటిలో నేటికీ నిలిచింది సాన్ బసీలియో దె పలెంకే. వీళ్లు మాట్లాడే పలెంకేరో భాషకు మాటలు స్పానిష్‌వి, అల్లిక ఆఫ్రికా బంటు భాషలది. లాటిన్ అమెరికాలో స్పానిష్ మాటల మీద పుట్టి బతికున్న క్రియోల్ ఇదొక్కటే. మనిషి పోతే తొమ్మిది రాత్రులు డప్పులు కొట్టి పాడుతూ సాగనంపుతారు. 1972లో కొలంబియాకు తొలి ప్రపంచ బాక్సింగ్ కిరీటం తెచ్చిన ‘కిడ్ పాంబెలే’ ఈ ఊరి బిడ్డే.

హోండురాస్ తీరంలో గరీఫునా జనం కథ ఇంకా చిత్రం. ఆఫ్రికా వాళ్లూ, కరీబియన్ ఆదివాసులూ కలిసిన సంతతి వీళ్లది. సెయింట్ విన్సెంట్ దీవి కోసం బ్రిటిష్ వాళ్లతో పోరాడి ఓడితే 1797లో ఓడలకెక్కించి రోవాతాన్ దీవిలో వదిలేశారు. దారిలోనూ, అంతకుముందు నిర్బంధ శిబిరంలోనూ రెండు వేలమందికి పైగా చనిపోయారు. మిగిలినవాళ్లు హోండురాస్, గ్వాటెమాలా, నికరాగువా, బెలీజ్ తీరాల్లో స్థిరపడ్డారు. వాళ్ల భాష ఆదివాసీ భాష, వాళ్ల రంగు ఆఫ్రికాది, వాళ్లలో ఎక్కువమంది పాస్‌పోర్టు మీద స్పానిష్ దేశం పేరు. ఏ పెట్టెలో టిక్కు పెట్టమంటాం వాళ్లను?

ఆఫ్రికాలో ఒకే ఒక్కటి

స్పానిష్ అధికార భాషగా ఉన్న ఆఫ్రికా దేశం ఈక్వటోరియల్ గినీ ఒక్కటే. జనంలో ఎక్కువమంది ఫాంగ్ తెగ, బియోకో దీవిలో బూబీ తెగ. అన్నోబోన్ అనే చిన్న దీవిలో పోర్చుగీసు నుంచి పుట్టిన క్రియోల్. మరియా న్సూయే అంగూయే 1985లో ప్రచురించిన ‘ఎకోమో’ నవల ఆ దేశపు ఆడమనిషి రాసిన తొలి నవల. అది స్పానిష్‌లోనే ఉంది. స్పానిష్ సాహిత్యం అనగానే గార్సియా మార్కెస్, నెరూదా గుర్తొస్తారు కానీ ఈమె పేరు ఎందుకు వినపడదు?

వేల్స్ టీ, ఇటలీ పిండి ముద్దలు

1865 జూలైలో ‘మిమోసా’ అనే ఓడలో సుమారు 150 మంది వేల్స్ వాళ్లు పటగోనియా తీరంలో దిగారు. ఇంగ్లీషు పెత్తనం లేనిచోట తమ భాషను కాపాడుకోవాలని వచ్చారు వాళ్లు. తిండి లేక అల్లాడుతుంటే తెహువెల్చే ఆదివాసులు వేట నేర్పి బతికించారు. నేటికీ అర్జెంటీనాలోని చుబుత్ లోయలో వెల్ష్, స్పానిష్ రెండూ నేర్పే బడులున్నాయి. వేల్స్ పద్ధతిలో కవితల, పాటల పోటీ ఏటా జరుగుతుంది. గైమాన్ ఊళ్లో వేల్స్ టీ దుకాణాలు పెద్ద ఆకర్షణ. 1995లో డయానా వచ్చి అక్కడ టీ తాగింది.

బ్యూనస్ ఐరిస్‌లో ఇటలీ నీడ. అర్జెంటీనాలో సగానికి పైగా జనం ఇటలీ మూలాలున్నవాళ్లే. అక్కడ నెలలో 29వ తేదీ ‘న్యోకీ’ల రోజు. బంగాళదుంప, పిండి కలిపి చేసే ఆ ముద్దలు తినేటప్పుడు పళ్లెం కింద ఒక నోటు పెడతారు, వచ్చే నెల డబ్బుకు కొదవ ఉండకూడదని. జీతం రాకముందు చేతిలో మిగిలేది కాస్త పిండీ దుంపలే అన్న వలస కూలీల బతుకులోంచి వచ్చిన ఆచారమని చెబుతారు.

నది దాటితే ఉరుగ్వే. లాటిన్ అమెరికా అంటే కేథలిక్ భక్తి అనుకుంటాం. ఉరుగ్వే ప్రభుత్వ క్యాలెండరులో 1919 నుంచి క్రిస్మస్ ‘కుటుంబ దినం’, పవిత్ర వారం ‘పర్యాటక వారం’. ప్రపంచంలో అతి సుదీర్ఘమైన కార్నివాల్ కూడా ఇక్కడిదే. జనవరి చివర్లో మొదలై సుమారు నలభై రోజులు. అందులో ఆఫ్రికా సంతతి వాళ్ల కందోంబె డప్పుల ఊరేగింపే గుండెకాయ. 1930లో తొలి ఫుట్‌బాల్ ప్రపంచకప్పు నిర్వహించి, గెలిచిందీ ఈ చిన్న దేశమే. ప్రపంచకప్పు గెలిచిన దేశాల్లో దీనికంటే తక్కువ జనాభా ఉన్నది లేదు. అయితే ఫుట్‌బాల్ పిచ్చి కూడా అందరిదీ కాదు. డొమినికన్ రిపబ్లిక్, క్యూబా, వెనెజువెలా, నికరాగువాలలో ఆటంటే బేస్‌బాలే. అమెరికా పెద్ద లీగుల్లో ఏ పరాయి దేశం నుంచీ రానంతమంది ఆటగాళ్లు ఏటా డొమినికన్ రిపబ్లిక్ నుంచి వస్తారు.

అధ్యక్షుల ఇంటిపేర్లు

చిలీ స్వాతంత్ర్య వీరుడి పేరు బెర్నార్దో ఒహిగిన్స్. ఐర్లండులో పుట్టిన తండ్రి కొడుకు. పెరూను 1990 నుంచి పదేళ్లు ఏలిన అల్బెర్తో ఫుజిమోరి జపాన్ సంతతి. అర్జెంటీనా మాజీ అధ్యక్షుడు కార్లోస్ మెనెం తల్లిదండ్రులు సిరియా వాళ్లు. ఎల్ సాల్వడార్ అధ్యక్షుడు నయీబ్ బుకెలె పూర్వికులు పాలస్తీనా నుంచి వచ్చారు. 2006లో బొలీవియా అధ్యక్షుడైన ఏవో మొరాలెస్ ఐమారా. 2024లో మెక్సికోకు తొలి మహిళా అధ్యక్షురాలైన క్లాదియా షేన్‌బామ్ తాతముత్తాతలు ఐరోపా యూదులు. మధ్యప్రాచ్యం బయట పాలస్తీనా జనం అత్యధికంగా ఉన్న దేశం చిలీ. 1920లో పెట్టిన శాంతియాగో ‘పాలస్తీనో’ ఫుట్‌బాల్ క్లబ్బు నేటికీ పెద్ద లీగులో ఆడుతోంది.

కారం తినేదెవరు?

స్పానిష్ వాళ్ల తిండి అంటే కారమని మనవాళ్లలో ఒక నమ్మకం. మిరపకాయ మెక్సికో ప్రాంతపు పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మన దేశానికి తెచ్చేదాకా మన వంటల్లో ఘాటంటే మిరియాలే. మెక్సికో వాళ్ల కారం గుంటూరు మనిషికి కూడా నచ్చుతుంది. పెరూలో పసుపు మిరప లేని వంట ఉండదు. కానీ స్పెయిన్, అర్జెంటీనా, క్యూబా వంటల్లో కారం కనపడదు. మెక్సికోలో టోర్టియా అంటే మొక్కజొన్న రొట్టె, స్పెయిన్‌లో బంగాళదుంపలు వేసిన దళసరి గుడ్డట్టు.

తిండిలో రికార్డు పెరూ కొండలది. ఆండీస్ పర్వతాల్లో బంగాళదుంప రకాలు 4,000 పైమాటే. నల్లవి, ఊదావి, ఎర్రవి, పురిపెట్టినట్టుండేవి. లిమాలో 1971 నుంచి అంతర్జాతీయ బంగాళదుంప పరిశోధనా కేంద్రం ఉంది. అదే నగరంలో వీధివీధికీ ‘చీఫా’ అనే చైనా భోజనశాల కనిపిస్తుంది. 1849 తర్వాత పొలాల్లో, పక్షి రెట్టల ఎరువు గనుల్లో పనికి తెచ్చిన చైనా కూలీల వారసత్వం అది.

పెరూలోనే కుస్కో ప్రాంతంలో కెస్వచాకా అనే వంతెన ఉంది. ఇంకాల కాలం నాటి పద్ధతిలో గడ్డితో పేనిన వంతెన. ఏటా జూన్‌లో నాలుగు పల్లెల కెచువా జనం గడ్డి కోసి, తాళ్లు పేని, పాతదాన్ని నదిలోకి వదిలేసి, మూడు రోజుల్లో కొత్తది కట్టేస్తారు. పక్కనే మామూలు వంతెన ఉంది. అయినా కడతారు.

రెండు చిన్న విశేషాలు. ‘పనామా టోపీ’ పుట్టిందీ, నేటికీ అల్లేదీ ఈక్వడార్‌లో. ప్రపంచంలో అతి పెద్ద వాద్యబృందం రికార్డు వెనెజువెలాది: 2021 నవంబరులో కరాకస్‌లో 8,573 మంది ఒకేసారి వాయించారు. అందులో ఎక్కువమంది 1975లో మొదలైన ‘ఎల్ సిస్తెమా’ సంగీత పథకంలో నేర్చుకున్న పిల్లలు, యువకులు.

మన దేశపు దారాలు

1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. చైనా పట్టుతోపాటు మన కోరమండల్ తీరపు నూలుబట్టలు కూడా ఆ దారినే అమెరికా చేరాయి. మనుషులు కూడా. మొఘలుల కాలంలో భారతదేశంలో బందీగా చిక్కిన ఒక పిల్లను మనీలాలో అమ్మారు. కతరీనా దె సాన్ హ్వాన్ అన్న పేరుతో మెక్సికోలోని ప్వెబ్లా నగరం చేరింది. జనం ఆమెను పుణ్యస్త్రీగా కొలిచారు. 1688లో అక్కడే కన్నుమూసింది. తర్వాతి తరాల్లో మెక్సికో ఆడవాళ్ల మెరుపుల పరికిణీకి ఆమె పేరునే ముడిపెట్టారు.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కాలిఫోర్నియా పొలాలకు వెళ్లిన పంజాబీలు మన దేశం నుంచి భార్యలను తెచ్చుకోలేకపోయారు. చట్టాలు అడ్డుపడ్డాయి. చాలామంది మెక్సికో అమ్మాయిలను పెళ్లాడారు. వాళ్ల పిల్లలు ఇంట్లో స్పానిష్ మాట్లాడారు, ఇంటిపేరు సింగ్.

ఒక్క పెట్టెలో ఆరు కోట్లు

అమెరికా పార్లమెంటు 1976లో ఒక చట్టం చేసి స్పానిష్ మూలాలున్నవాళ్ల లెక్కలు వేరుగా తీయమంది. 1980 జనగణనలో దేశంలో అందరినీ ఆ ప్రశ్న అడిగారు. ఆ లెక్కల వల్ల మేలు జరిగింది, కాదనను. ఓట్లు, బడులు, ఉద్యోగాల్లో వివక్షను నిరూపించే ఆధారం దొరికింది. 2020లో ఆ పెట్టెలో తేలినవాళ్లు 6.21 కోట్లు. వాళ్లలో 1598 నుంచి న్యూమెక్సికోలో ఉన్న కుటుంబాల వాళ్లున్నారు. 1848లో సరిహద్దు జరిగి రాత్రికి రాత్రి అమెరికన్లయిన మెక్సికన్ల వారసులున్నారు. 1917 నుంచి పౌరసత్వమున్న ప్యూర్టోరికన్లున్నారు. నిన్న వచ్చిన వెనెజువెలా వాళ్లున్నారు. జాతి ఏమిటని విడిగా అడిగితే వీళ్లలో నూటికి 42 మంది తెలుపు, నలుపు గళ్లు వదిలేసి ‘ఇతర జాతి’ అని మాత్రమే రాశారు.

ఒకే పేరు పెట్టడం వల్ల జరిగే అసలు నష్టం కోర్టుల్లో, ఆసుపత్రుల్లో కనపడుతుంది. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చిన మాయా జనంలో చాలామందికి స్పానిష్ సరిగా రాదు. వాళ్ల భాష మామ్, కిచె, కాంహొబాల్. అయినా వాళ్ల ముఖం చూసి స్పానిష్ దుబాసీని పిలుస్తారు. తన మీద ఉన్న కేసేమిటో, తన బిడ్డకు వచ్చిన జబ్బేమిటో అర్థంకాక ఆ మనిషి తలూపుతాడు. ఇది అన్యాయం. మామ్ తెలిసిన దుబాసీలను వెతికి పెట్టుకోవడం మొదలైంది కానీ వాళ్లు చాలట్లేదు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఇంటి పని, తోట పని, కట్టడం పని చేసేవాళ్లలో, ఆఫీసు సహోద్యోగుల్లో ఈ జనం రోజూ ఎదురవుతారు. అందరినీ ‘మెక్సికన్లు’ అనేస్తుంటాం. ఆ అలవాటు మానేయాలి. సాల్వడార్ మనిషిని సాల్వడార్ మనిషి అనండి, మెక్సికో ఆదివాసీ అయిన మిష్టెక్ మనిషిని మిష్టెక్ అనండి. తెలియకపోతే ఏ ఊరు మీది, ఇంట్లో ఏం మాట్లాడతారు అని అడగండి. వాళ్లే చెబుతారు.